బూజు పెంచే విద్య

విశాఖపట్నంలో కాపురమున్న వారికి బూజు సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. శ్రావణ భాద్రపదాలలో వారం రోజులు ముసురు పట్టినదా, బీరువాలోని తోలుచెప్పులకు తెల్లని నూగు పుడుతుంది. అటకమీది పుస్తకాల అట్టలు పచ్చబారుతాయి. మూత సరిగా పడని ఊరగాయ జాడీలో పైపొర చెడుతుంది. సముద్రపు గాలిలోని తేమ, ఏడాది పొడుగునా వీడని ఉక్క ఈ జీవులకు పుట్టినిల్లు వంటివి. తెలుగు ఇంట దీనిని బూజు అంటారు. ఉర్దూ ఇంట ఫఫూందీ అంటారు. ఏ ఇంటి ఇల్లాలికైనా అది తుడిచి పారవేయవలసిన వస్తువే.

అట్టి వస్తువును ఏరి తెచ్చి, ఆహారమిచ్చి, తగిన వెచ్చదనంలో ఉంచి గాజుపళ్ళెంలో పెంచే వారు కూడ ఇదే ఊరిలో ఉన్నారు. 1923లో వెలసిన ఆంధ్ర వైద్య కళాశాల మొదలుకొని మా వంటి చిన్న కళాశాలల ప్రయోగశాలల వరకు ఈ పని జరుగుతూనే ఉన్నది. ఇట్లు పెంచిన దానిని శాస్త్ర పరిభాషలో వర్ధనం అంటారు. దానికి పెట్టే ఆహారాన్ని యానకం అంటారు. “ఇంటిలో పుట్టినది చాలదా సార్, ఇక్కడ కూడ పెంచాలా?” అని ఏటా మొదటి సంవత్సరపు విద్యార్థులలో ఒకరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను మొదలుపెట్టిన జవాబు గంట మ్రోగేసరికి ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. మిగిలిన సగం కూడ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

శిలీంధ్రం మొక్క కాదు. దానికి పత్రహరితం లేదు, నోరు లేదు. తాను నిలిచిన పదార్థంపైనే జీర్ణరసాలను వదలి, కరిగినదానిని పీల్చుకొని బ్రతుకుతుంది. దాని శరీరం సన్నని తంతువుల అల్లిక. సంతానం గాలిలో తేలిపోయే సిద్ధబీజాలు. కణనిర్మాణాన్ని బట్టి చూస్తే ఇది మొక్కలకన్న జంతువులకే దగ్గరి చుట్టం. ఈ చుట్టరికమే వైద్యునికి చిక్కు తెచ్చిపెట్టినది. శిలీంధ్రాన్ని చంపే మందు మన కణాలను కూడ బాధించవచ్చు గనుక వాడదగిన మందులు బహు కొద్ది. బాక్టీరియాలకు ఇచ్చే మందులు దీనిపై పనిచేయవు. ఉన్న కొద్ది మందులైనా అన్ని శిలీంధ్రాలపై ఒకే తీరున పనిచేయవు. అందుచేత రోగి శరీరంలో చేరినది ఏ శిలీంధ్రమో పేరుతో సహా తెలియడం అవసరమవుతుంది. పేరు తెలియాలంటే చాలావరకు దానిని పెంచి చూడవలసిందే.

అందరికీ తెలిసిన తామరతోనే మొదలుపెడదాము. తెలుగులో పద్మానికీ, ఈ చర్మవ్యాధికీ ఒకే మాట ఎందుకు వచ్చినదో భాషావేత్తలు చెప్పాలి. ఉర్దూలో దీనిని దాద్ అంటారు; సంస్కృతంలోని దద్రువుకు ఈ మాట బంధువు. ఎండలో ఓడరేవు పని చేసేవారు, కొలిమి ముందు రోజంతా బరువైన బూట్లు తొడుగుకొని నిలిచే ఉక్కు కార్మికులు, నైలాను చొక్కాలతో కిక్కిరిసిన బస్సులలో వచ్చే మన విద్యార్థులు, ఎవరికైనా ఇది పట్టవచ్చును. చెమట నిలిచే చోటు దీనికి కావాలి, అంతే.

కొన్నేళ్ళ క్రిందట నాకే నడుము దగ్గర పట్టినది. బోధించే విషయమే గదా అని అశ్రద్ధ చేసి, దారిలోని ఒక మందుల దుకాణంలో అడిగి ఒక గొట్టం లేపనం తెచ్చుకున్నాను. రెండు రోజులలో దురద పోయినది, ఎరుపు తగ్గినది. నెల తిరిగేసరికి మచ్చ అంచులు చెరిగిపోయి, వీపుమీదికి ప్రాకినది. ఆ లేపనంలో శిలీంధ్రాన్ని చంపే మందుతోపాటు స్టెరాయిడ్ కూడ ఉన్నదని గొట్టంమీది చిన్న అక్షరాలు అప్పుడు చదివాను. స్టెరాయిడ్ చేసేది ఒకటే: శిలీంధ్రంపై మన చర్మం సాగించే పోరును అణచివేస్తుంది. పోరు ఆగగానే దురద ఆగుతుంది. శిలీంధ్రం మాత్రం హాయిగా పెరుగుతుంది. చివరకు చర్మవైద్యుని వద్దకు వెళ్ళితే, “మాస్టారూ, ముందు ఆ లేపనం మాని వారం తరువాత రండి, ఇప్పుడు గీకినా పళ్ళెంలో ఏమీ మొలవదు” అన్నారు. విద్యార్థులకు నేను చెప్పవలసిన మాట ఆయన నాకు చెప్పినందుకు సిగ్గుపడ్డాను.

వారం తరువాత జరిగినది ఇది. మచ్చ అంచును స్పిరిటుతో తుడిచి, మొండి కత్తితో మెల్లగా గీకి, రాలిన పొట్టును నల్ల కాగితంలో పట్టి మడిచారు. తడి సీసాలో వేస్తే బాక్టీరియాలు పెరిగి నమూనా చెడుతుంది. పొడి కాగితంలో తామర శిలీంధ్రం వారాల తరబడి బ్రతికి ఉంటుంది. ఆ పొట్టులో కొంత తీసుకొని పది శాతం పొటాషియం హైడ్రాక్సైడు చుక్కలో వేస్తే చర్మకణాలు కరిగిపోతాయి, శిలీంధ్రం కరగదు. సూక్ష్మదర్శినిలో అద్దపు కడ్డీల వంటి తంతువులు శాఖలుగా చీలి కనిపిస్తాయి. కొద్ది నిమిషాల పని. కాని అది చెప్పేది “ఉన్నది” అనే మాట వరకే. ఏది ఉన్నదో చెప్పడానికి మిగిలిన పొట్టును యానకంపై చల్లి రెండు మొదలు నాలుగు వారాలు ఆగాలి.

ఆ యానకం వెనుక ఒక ఫ్రెంచి వైద్యుని జీవితమంతా ఉన్నది. 1841లో డేవిడ్ గ్రూబీ పారిస్‌లో తలకు వచ్చే ఒక చర్మవ్యాధికి శిలీంధ్రమే కారణమని చూపినప్పటికీ, ఆ మాట అర్ధశతాబ్దం పాటు మరుగున పడినది. రేమండ్ సబురో దానిని తిరిగి చేపట్టి, వేలాది పిల్లల తలలు పరీక్షించి, 1910లో తన బృహద్గ్రంథాన్ని వెలువరించాడు. ఒకే శిలీంధ్రం ఒక పళ్ళెంలో తెల్లగా, మరొక పళ్ళెంలో పసుపుగా కనిపించి పరిశోధకులను తికమక పెట్టడం ఆయన గమనించాడు. అందరూ ఒకే ఆహారం పెడితేనే ఒకరు చూచినది మరొకరితో పోల్చుకోవచ్చునని చక్కెర, పెప్టోను, అగరు కలిపి కొంచెం ఆమ్లగుణం గల యానకాన్ని నిర్ణయించాడు. బాక్టీరియాలకు ఆ పులుపు గిట్టదు. తరువాతి వారు పులుపును, చక్కెరను తగ్గించి సవరించారు గాని, సబురో యానకమన్న పేరు నేటికీ ప్రతి ప్రయోగశాలలో నిలిచి ఉన్నది.

ఇందులో ఇంకొక మెలకువ ఉన్నది. గాలిలోని సాధారణ బూజు చొరబడకుండ సైక్లోహెక్సిమైడ్ అనే మందు కలుపుతారు. తామర శిలీంధ్రాలు దానికి లొంగవు. అయితే లోపలి అవయవాలను పట్టే శిలీంధ్రాలు కొన్ని ఆ మందుకు అణగిపోతాయి. అందుచేత ఆ మందు కలిపిన సీసా ఒకటి, కలపనిది ఒకటి, జంటగా పెట్టడం ఆచారం. శోభి మచ్చలకు కారణమైన మలస్సీజియాకైతే ఇదేదీ చాలదు. చర్మంలోని నూనెకు మరిగిన జీవి గనుక యానకంపై ఆలివు నూనె పోస్తే గాని పెరగదు! తామర శిలీంధ్రాలకు కావలసిన వెచ్చదనం 25 మొదలు 30 డిగ్రీలు. చలిదేశాల పుస్తకాలలో “గది ఉష్ణోగ్రత” అని వ్రాసి ఊరుకుంటారు. మే నెలలో మన విశాఖ గదిని నమ్ముకుంటే అంతే సంగతులు. ఇక్కడ పెట్టెను వేడి చేయడం కాదు, చల్లబరచాలి.

నా సీసాలో రెండు వారాలకు తెల్లని దూదివంటి బూజు లేచినది. అప్పటినుండి ఏ తామర రోగి కనిపించినా లేపనం పేరు అడగడం నాకు అలవాటైనది. ఇది నా ఒక్కని ముచ్చట కాదు. స్టెరాయిడ్ కలిపిన లేపనాలను చీటీ లేకుండ అమ్మడం దేశమంతటా పెద్ద సమస్య కాగా, 2018లో కేంద్ర ప్రభుత్వం అట్టి స్టెరాయిడ్ లేపనాలు పెక్కింటిని వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని నిర్ణయించినది. ఇంతలో టెర్బినఫిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగని తామర శిలీంధ్రం మన దేశంలో విస్తరించినది. 2020లో శాస్త్రవేత్తలు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు ఇట్లు శాస్త్రగ్రంథాలకెక్కడం ఏమంత గర్వకారణం కాదు. మందుకు లొంగుతున్నదా లేదా అని తేల్చడానికి కూడ ముందు ఆ శిలీంధ్రం వర్ధనంగా చేతిలో ఉండాలి. దానినే మందు కలిపిన యానకంలో వేసి పరీక్షిస్తారు.

పళ్ళెంలో మొలిచినదల్లా రోగకారణమని భ్రమపడరాదు. ఒకసారి మా విద్యార్థి ఒకడు తన కఫంలో ఆస్పర్‌జిల్లస్ పెరిగినదని ముఖం పాలిపోయి వచ్చాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే నిజంగా ఆస్పర్‌జిల్లసే: సన్నని కాడ, పైన ఉబ్బిన తల, తలచుట్టూ గొలుసులుగా బీజాలు. అచ్చం పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లే బుడ్డి వలె ఉంటుంది. 1729లో ఇటలీ దేశపు మిఖేలీ అనే ఆయన చర్చిలో పవిత్రజలం చల్లే సాధనం గుర్తుకు వచ్చి దానికి ఆ పేరు పెట్టాడు. మా వాడు పళ్ళెం మూత తీసి పంకా క్రింద పెట్టాడని విచారణలో తేలినది! శరీరంలో దారాలు కంటికి కనిపించి, అదే శిలీంధ్రం ఒకటికి రెండుమార్లు పెరిగి, రోగలక్షణాలు కూడ సరిపోలినప్పుడే వైద్యులు నమ్ముతారు.

ఇక కంటి సంగతి. వరికోతల కాలంలో గడ్డిపోచో, ధాన్యపు ముల్లో కంటిలో గుచ్చుకోవడం పల్లెలలో సర్వసాధారణం. ఆ గీతగుండా శిలీంధ్రం నల్లగ్రుడ్డుపై పొరలో ప్రవేశించి పుండు చేస్తుంది. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, 1990ల దశకపు తన అనుభవాన్ని క్రోడీకరించి 2002లో ప్రకటించినది. వర్ధనంతో రుజువైన వేయికి మించిన కేసులలో ఫ్యుజేరియం మొదటిది, ఆస్పర్‌జిల్లస్ రెండవది. ఫ్యుజేరియం బీజాలు కొడవలి ఆకారంలో వంగి ఉంటాయి. ఆ సంస్థకు 2006 నుండి మన విశాఖలోనూ శాఖ ఉన్నది.

పుండు బాక్టీరియాదా, శిలీంధ్రానిదా అన్నది చూపుతో చెప్పడం నిపుణులకు కూడ కష్టమే. కన్ను ఎర్రబడగానే తోచిన చుక్కలు వేసుకొని, అందులో స్టెరాయిడ్ ఉండడంచేత నొప్పి తగ్గినదని సంతోషించి, చూపు పోయే దశలో పట్నం చేరేవారు ఎందరో. పుండు అంచును గీకి, గాజుపలకపై కొంత, యానకంపై ఆంగ్లాక్షరం సి ఆకారంలో గీతలుగా కొంత పూస్తారు. గీతమీదనే మొలిస్తే అది కంటినుండి వచ్చినది. గీతకు దూరంగా మొలిస్తే గాలినుండి పడినది. ఎంత చిన్న ఉపాయం! ఎంత చిక్కు విడదీస్తుంది!

ఈ సంస్థలోనే జరిగిన ఒక విషయం వర్ధనాల విలువను నాకు తెలిపినంతగా ఏ పాఠ్యగ్రంథమూ తెలుపలేదు. కొందరి కంటిపుండ్లలో శిలీంధ్రం వంటి తంతువులే కనిపించేవి. పళ్ళెంలో రంగు లేని చదునైన బూజు పెరిగేది. బీజాలు మాత్రం పుట్టేవి కావు. బీజాలు లేనిదే పేరు చెప్పలేరు గనుక “గుర్తించని శిలీంధ్రం” అని వ్రాసి ఆ గొట్టాలను భద్రపరచేవారు. శిలీంధ్రాలకు ఇచ్చే మందులన్నీ ఇచ్చినా ఈ రోగులలో పలువురికి గుణం కనిపించేది కాదు. సావిత్రీ శర్మగారు, వారి సహచరులు డి.ఎన్.ఏ. పరీక్ష చేసి, ఆ బూజును ఆకుముక్కతోపాటు నీటిలో ఉంచి చూచారు. నీటిలో ఈదే చరబీజాలు బయటికి వచ్చాయి! శిలీంధ్రాలలో ఈ వర్గాలకు అట్టి బీజాలు ఉండవు. అది పిథియం ఇన్సిడియోసం. చూపునకు శిలీంధ్రమే గాని వంశాన్ని బట్టి కొన్ని సముద్రపు నాచులకు చుట్టం. దాని కణకవచంలో, పొరలో ఉన్న పదార్థాలు వేరు. అందుచేతనే శిలీంధ్రాల మందులు తగిలే చోటు అక్కడ లేదు.

2015లో ఈ ఫలితాలు ప్రకటించారు. అంతటితో ఆగక, గుర్తించలేక దాచిన పాత వర్ధనాలను బయటికి తీసి తిరిగి పరీక్షించగా వాటిలోనూ కొన్ని పిథియమేనని తేలినది. గొట్టంలోని జీవి, పేరు తెలిసే రోజు వరకు బ్రతికి ఉన్నది. తరువాత లినెజోలిడ్, అజిత్రోమైసిన్ అనే బాక్టీరియా మందులు దీనిపై పనిచేస్తున్నాయని అదే సంస్థ వైద్యులు చూపారు. శిలీంధ్రమనుకున్నంత కాలం ఎవరికీ తట్టని మందులవి.

పేరు మోసగించిన మరొక ఉదాహరణ అందరికీ గుర్తే. 2021 వేసవిలో కోవిడ్ నుండి కోలుకుంటున్న వారికి ముక్కు దిబ్బడ, ముఖం వాపు, కన్ను ఉబ్బడం మొదలై, పత్రికలన్నీ బ్లాక్ ఫంగస్ అని వ్రాశాయి. ఆ సంవత్సరాంతానికి దేశంలో ఏబది వేలకు పైగా కేసులు నమోదైనాయి. మన కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ వీరికై ప్రత్యేకంగా పడకలు కేటాయించవలసి వచ్చినది. నిజానికి ఆ శిలీంధ్రం నల్లనిది కాదు. రైజోపస్ అనే ఈ జాతి పళ్ళెంలో తెల్లని దూదివలె లేచి బూడిదరంగుకు తిరుగుతుంది. రొట్టెమీది బూజుకు సొంత బంధువు. అది రక్తనాళాలలో చొరబడి ప్రవాహాన్ని అడ్డగించడంతో చచ్చిన కండ నల్లబడుతుంది. ఆ నలుపు మనది. అదుపు తప్పిన మధుమేహం, మోతాదు మీరిన స్టెరాయిడ్ దానికి తలుపులు తీశాయి.

ఈ రోగంలో నాలుగు వారాలు కాదు, నాలుగు రోజులు ఆగినా ప్రాణాపాయం. కనుక కండముక్కను వెంటనే సూక్ష్మదర్శినిలో చూచి, పట్టీలవలె వెడల్పై, అడ్డగోడలు దాదాపు లేని తంతువులు కనిపిస్తే శస్త్రచికిత్స, ఆంఫోటెరిసిన్ మందు మొదలుపెడతారు. వర్ధనం తరువాత వస్తుంది. అది కూడ ఒక్కొక్కసారి రాదు. అడ్డగోడలు లేని ఆ తంతువులను రోటిలో నూరినట్లు నూరితే ఒక్క గాటుకే జీవద్రవ్యమంతా కారిపోయి చస్తాయి. అందుచేత ఈ కండను నూరక, సన్నగా తరిగి పెట్టాలి. ఈ వర్గంలోనే అపోఫిసోమైసిస్ అనే మరొకటి ఉన్నది. 1979లో మన దేశపు మామిడితోట మట్టినుండి తీసి తొలిసారి వర్ణించారు. గాయాలలో మట్టి పడినప్పుడు శరీరంలో చేరుతుంది. మంచి ఆహారం పెట్టినంత కాలం అది బీజాలు కట్టదు. యానకపు ముక్కను ఉత్త నీటిలో వేసి పస్తు పెడితే అప్పుడు కడుతుంది. కడుపు నిండినవాడు రేపటి మాట తలచడు గదా!

రోగనిర్ధారణతోనే వర్ధనాల పని తీరదు. వరిపొలంలో కొన్ని మొక్కలు తోటివాటిని మించి పొడుగు సాగి, పాలిపోయి, తాలుపోవడం జపాను రైతులు చూచి వాటిని తెలివిలేని మొలకలన్నారు. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త తైవాన్‌లో ఆ మొక్కలనుండి శిలీంధ్రాన్ని ద్రవ యానకంలో పెంచి, శిలీంధ్రాన్ని పూర్తిగా వడగట్టివేసి, మిగిలిన ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న మొలకలకు ఇచ్చాడు. అవీ సాగాయి. నేడు ద్రాక్షతోటలలో గుత్తులపై చల్లే జిబ్బరెల్లిన్‌కు ఇదే మూలం. ఆ శిలీంధ్రం మరేదో కాదు, కోతగాని కన్ను తీసే ఫ్యుజేరియం కుటుంబంలోనిదే.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహించిన కాలంలో, ప్రపంచపు నలుమూలల మట్టిని తెప్పించి అందులోని సూక్ష్మజీవులను పెంచి పరీక్షించేవారు. 1948లో ఆరియోమైసిన్ అట్లే వెలువడినది. దాని పేరుకు బంగారు శిలీంధ్రమని అర్థం వచ్చినా, దానినిచ్చిన స్ట్రెప్టోమైసిస్ నేటి వర్గీకరణలో బాక్టీరియా. మరొక స్ట్రెప్టోమైసిస్ నుండే 2021లో మన ఆసుపత్రులు వెదకి వేసారిన ఆంఫోటెరిసిన్ కూడ వచ్చినది. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూశారు. 1953లో హెసెల్‌టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుభ్రపరచే వడపోత రాళ్ళపై కనిపించిన ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి ఆయన స్మృత్యర్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. మన వాళ్ళలో చాలమందికి ఆయన మందుల సంగతి తెలుసును గాని, ఈ బూజు సంగతి తెలియదు.

ఇన్ని వర్ధనాలు ఎక్కడ ఉంటాయి? చండీగఢ్‌లోనూ, పుణేలోనూ జాతీయ భాండాగారాలు ఉన్నాయి. అక్కడ చలువలో ఎండబెట్టి గాజుగొట్టాలలో మూసిగాని, ద్రవ నత్రజని చలిలోగాని దశాబ్దాల తరబడి నిలుపుతారు. మా వంటి వారికి అంత స్థోమత లేదు. అయితే కాస్టెలానీ అనే వైద్యుడు 1939లో చూపిన మార్గమొకటి ఉన్నది: శుభ్రం చేసిన ఉత్త నీరు గల చిన్న సీసాలో బూజు పెరిగిన యానకపు ముక్కలు వేసి, మూత బిగించి చీకటిలో ఉంచడం. ఆహారం లేక అది పెరగదు, చావదు. ఏండ్ల తరబడి అట్లే ఉంటుంది. ఖర్చు సీసా వెల మాత్రమే.

మా ప్రయోగశాల అలమారులో అట్టి సీసాలు ఇరువదికి పైగా ఉన్నాయి. విద్యార్థులు చెప్పుల నుండి, రొట్టెల నుండి, లాసన్స్ బే ఇసుక నుండి తీసి పెంచినవే అన్నీ. వాటిలో మూడింటికి పేరు పెట్టలేకపోయాము. ఎన్ని యానకాలు మార్చినా బీజాలు కట్టలేదు. తీసిన చోటు, తేదీ, తీసిన విద్యార్థి చేతివ్రాత మాత్రం చీటీలపై ఉన్నాయి.